లక్క వేసిన సీసా

ఫిబ్రవరి 9

చిట్టీ,

ఇక్కడ అందరం క్షేమమని రాయాలి కాబట్టి రాస్తున్నాను. అమ్మ మోకాళ్ళు మాత్రం ఆ మాటకి ఒప్పుకోవడం లేదు. ఫోనులో అయితే మనిద్దరం మూడో నిమిషానికల్లా కొట్టుకుంటున్నామని, ఉత్తరాలైతే కవరు అంటించేలోపు సగం కోపం చల్లారుతుందని అమ్మ తీర్పు చెప్పింది. సరే, చూద్దాం.

దీనితో పాటు ఒక చిన్న సీసా పంపిస్తున్నాను. మూత మీద లక్క ఉంది, జాగ్రత్తగా తియ్యి. మన మందుల షాపు పక్క సందులో మిషను కుట్టే ఆవిడ గుర్తుందిగా, నీ స్కూలు యూనిఫారాలన్నీ కుట్టింది ఆవిడే. ఇప్పుడు ఆవిడ నాలుగేసి రోజులు నిద్రపోవడం లేదు. ఒక్కతే ముగ్గురి పని చేస్తోంది. మొన్న తలనొప్పి మాత్ర కోసం వచ్చి, కౌంటరు దగ్గర నిలబడి అరగంట ఆపకుండా మాట్లాడింది. నల్లగుడ్లు ఇంతింత అయిపోయాయి, పళ్ళు పటపటా కొరుకుతోంది. ఏం వాడుతున్నావమ్మా అంటే సిగ్గు లేకుండా సంచిలోంచి ప్యాకెట్టు తీసి చూపించింది. ‘అద్దాలు మెరిపించే పొడి. మనుషులు తినరాదు’ అని రాసి ఉంది. ఎదురుగా ఫ్యాన్సీ షాపులో అమ్ముతున్నారట. అద్దాలు తుడిచే పొడి టీలో కలుపుకుంటారటే ఎవరైనా?

నేనూ ఒక ప్యాకెట్టు కొన్నాను. నాన్న పద్ధతి నీకు గుర్తుందో లేదో, అనుమానం వచ్చిన సరుకు ఏదైనా రెండు సమభాగాలు చెయ్యాలి, రెండిటికీ లక్క వెయ్యాలి, తారీఖు వేసి బయటివాళ్ళ సంతకం తీసుకోవాలి, సగం పంపాలి, సగం ఉంచాలి. నాన్న త్రాసులోనే తూచాను. గడియారాలు బాగుచేసే తాతగారు, ప్యాకెట్టు విప్పడం దగ్గర్నుంచి పక్కనే ఉండి, తన కంటి అద్దంతో పొడిని చూసి, ‘ఇది అద్దాల పొడైతే నేను పెళ్ళికొడుకుని’ అంటూ రెండు సీసాల మీదా సంతకం పెట్టారు. ఖాళీ ప్యాకెట్టు నా సీసాకి చుట్టి పెట్టాను.

నీకు అక్కడ తెల్లకోటు, గాజు తలుపుల మిషన్లు. నాకు ఇక్కడ దగ్గుమందులు, దుమ్ము. కాబట్టి అదేమిటో నువ్వే చెప్పు.

అక్క

ఫిబ్రవరి 24

అక్కా,

నువ్వు పంపిన సీసా మా మొత్తం లాబొరేటరీని కుర్చీల్లోంచి లేపింది. ఇది ఏ జాబితాలోనూ లేదు. దీని పెద్దన్న ఒకటి ఎప్పటి నుంచో నిషేధంలో ఉంది. తయారుచేసేవాళ్ళు ఏం చేశారంటే, అణువుకి తల అదే ఉంచారు, నడుం అదే ఉంచారు, తోక మాత్రం కొంచెం మార్చారు. చట్టంలో పాత పేరు ఉంది, ఈ పేరు లేదు. అందుకని పట్టపగలు షాపులో పెట్టి అమ్ముకోవచ్చు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటారు చూడు, అలా ఉంది.

మనిషిని పరుగు పెట్టించే మందు ఇది. ఏ డాక్టరూ ఏ జబ్బుకీ రాయడు, దీనికి వైద్యంలో చోటే లేదు. అలాంటివాటికే మొదటి జాబితా అని ఒకటి ఉంది. అందులోకి ఎక్కితే చెయ్యడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం అన్నీ నేరమే. ఈసారి ఒక్క పేరు ఎక్కిస్తే లాభం లేదని, ‘తల, నడుం ఇవే అయినప్పుడు తోక ఏదైనా సరే’ అన్న వాక్యం రాసి పైవాళ్ళకి పంపాను. పదకొండేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి ఒక కొత్తదాన్ని నేను పట్టుకున్నాను. మూడు రోజుల నుంచి నేల మీద నడవడం లేదు.

రెండు మాటలు. ఆ సీసా పంపింది నువ్వని ఎవరికీ చెప్పకు, ఎందుకో తర్వాత చెబుతాను. నీ దగ్గరున్న సగాన్ని కూడా మందుల ఇన్‌స్పెక్టరుకి అప్పగించెయ్యి. జాబితాలోకి ఎక్కాక అది నీ బీరువాలో ఉంటే లైసెన్సుకే ముప్పు.

అమ్మకి మోకాలి పట్టీ వేరే పంపుతున్నాను.

చిట్టి

మార్చి 2

చిట్టీ,

‘నేను పట్టుకున్నాను’ అన్న మాట నాలుగుసార్లు చదివాను. నువ్వెక్కడ పట్టుకున్నావే? నేను పట్టి, తూచి, లక్క వేసి, పార్సెల్ చేసి నీ బల్ల మీద పెడితే నువ్వు మూత తీశావు. వండినవాళ్ళకంటే వడ్డించినవాళ్ళకే పేరని ఊరికే అనలేదు.

నాకు కడుపుమంటగా ఉంది, దాచుకోను. పై చదువు సీటు ముందు వచ్చింది నాకు. నాన్న మంచాన పడ్డారని షాపులో కూర్చున్నాను. రెండేళ్ళ తర్వాత అదే కోర్సుకి నువ్వు వెళ్ళావు. వెళ్ళనిచ్చింది కూడా నేనే. అందుకు ఏడవడం లేదు. కానీ ఈ పదిహేడేళ్ళలో ఒక్క పని నా తలతో నేను చేస్తే, అది కూడా నీ ఖాతాలోకే వెళ్ళాలా?

పైగా ఎవరికీ చెప్పకు అంటావు. మిగిలిన సగాన్నీ అప్పగించెయ్యి అంటావు. అది పోయాక నేను మొదట చూశానని చెప్పేందుకు ఏం మిగులుతుంది? సీసా ఇవ్వను. నాన్న పెట్టెలో త్రాసు పక్కన ఉంది, అక్కడే ఉంటుంది.

మిషనావిడ సంగతి. పిలిచి కూర్చోబెట్టి చెప్పాను, ఇది గుండెని తినేస్తుందమ్మా, మానెయ్యమని. ఆవిడ నన్నే ఎదురడిగింది: “నిషేధమా అండీ? కాదుగా. దొంగసరుకు నేను ముట్టను. చట్టం వద్దన్న రోజున మానేస్తాను, మిషను మీద ప్రమాణం.” ఆవిడ మాట మీద నిలబడే మనిషి. చెప్పిన రోజుకి జాకెట్టు ఇవ్వకపోవడం నేను ఇంతవరకూ చూడలేదు. కాబట్టి మీ జాబితా త్వరగా కానివ్వండి.

అమ్మ మోకాలి పట్టీ బిగుతుగా ఉందట. నువ్వు పంపిందని తియ్యడం లేదు. నేను కొన్నది మూడేళ్ళుగా అటక మీద ఉంది.

అక్క

మార్చి 19

అక్కా,

తీరిక లేదు, నాలుగు ముక్కలు. నిషేధం సంగతి తేల్చే కమిటీ విచారణ ఏప్రిల్ 10న. పొడి చేసే కంపెనీ అభ్యంతరం పెట్టింది, పెద్ద లాయరుని పెట్టుకుంది. ఆ రోజు తేలిపోతే ఆ సాయంత్రమే నిషేధం.

పేపరువాళ్ళు వచ్చి ఫోటో తీసుకున్నారు. ముక్క కత్తిరించి పంపుతున్నాను, అమ్మకి చూపించు. ఫోటోలో జుట్టు బాగా రాలేదు.

సీసా సంగతి నీ ఇష్టం. నీతో వాదించే ఓపిక లేదు.

చిట్టి

మార్చి 25

చిట్టీ,

అమ్మకి చూపించాను. అమ్మ దాన్ని తీసుకెళ్ళి షాపు గాజు తలుపుకి అంటించింది. లోపలికొచ్చిన ప్రతివాళ్ళూ దగ్గుమందు అడగడానికి ముందు “మీ చెల్లెలా? ఎంత తెలివైందో” అంటున్నారు. అవునండీ అంటున్నాను. రోజుకి ముప్పైసార్లు అవునండీ అంటున్నాను.

‘ఈ ప్రమాదకరమైన పొడిని మొదట గుర్తించిన శాస్త్రవేత్త’ అని నీ ఫోటో కింద రాశారు. లోపల మాత్రం ‘ఒక మందుల దుకాణం నుంచి అందిన నమూనా’ అని ఉంది. ఒక మందుల దుకాణం! నాన్న నలభై ఏళ్ళు కూర్చున్న షాపు, నేను పదిహేడేళ్ళుగా కూర్చున్న షాపు. దానికి పేరు లేదు, అందులో మనిషి లేదు.

ఓర్చుకుందామని రెండు రోజులు చూశాను. నా వల్ల కాలేదు. మీ కమిటీకి రిజిస్టర్డు పోస్టులో ఉత్తరం రాశాను. ఆ పొడిని మొదట గుర్తించింది నేనని, ఫిబ్రవరి 9న నేనే పంపానని, మీ పరీక్షకురాలు నాకు సొంత చెల్లెలని, కావాలంటే ఆమెనే అడగమని రాశాను. పోస్టాఫీసు రసీదు కూడా దాచాను.

ఇప్పుడు నేల మీద నడుస్తావేమో చూద్దాం.

అక్క

ఏప్రిల్ 12

అక్కగారికి,

మీ ఉత్తరం కమిటీకి అందింది. కమిటీకి వచ్చిన ప్రతి కాగితం నకలూ కంపెనీ లాయరుకి ఇవ్వాలి, ఇచ్చారు. మొన్న విచారణలో ఆయన లేచి, ఇంకేమీ మాట్లాడకుండా మీ ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా చదివాడు. తర్వాత నన్ను ఒక్కటే ప్రశ్న అడిగాడు: “ఈమె మీ అక్కగారేనా?” అవునండీ అన్నాను. మీరు రోజుకి ముప్పైసార్లు అన్నారట, నేను ఒక్కసారే అన్నాను.

సరుకు పంపినవాళ్ళకీ పరీక్ష చేసినవాళ్ళకీ చుట్టరికం ఉండకూడదు. అది మా రూలు. అందుకే మీ పేరు రాయలేదు, అందుకే ఎవరికీ చెప్పొద్దన్నాను. ఇప్పుడు ఆ లాయరు, “మా ప్యాకెట్లో ఉన్నది ఉత్త సుద్దపొడి, మందు కలిపింది ఈ అక్కాచెల్లెళ్ళే” అంటున్నాడు. కమిటీ ముందు కొత్త ప్యాకెట్లు విప్పి చూపించాడు, నిజంగానే సుద్దపొడి. పేపర్లో నా ఫోటో పడిన వారంలోనే బజారులో సరుకంతా మార్చేశారు.

నా పరీక్ష మొత్తం కొట్టేశారు. విచారణ మే 30కి వాయిదా వేశారు. నన్ను ఈ కేసు నుంచే కాదు, ఆ గది నుంచి కూడా తీసేశారు. వచ్చే సోమవారం నుంచి కుళాయి నీళ్ళ పరీక్ష చెయ్యాలి.

కొరివితో తల గోక్కోవడమంటే విన్నాను. మీరు గోక్కున్నది నా తల.

మీ చెల్లెలు

ఏప్రిల్ 20

చిట్టీ,

నన్ను మీరు అనకు. తిట్టాలంటే నువ్వు అని తిట్టు.

నీ ఉత్తరం రాకముందే నాకు వాయిదా సంగతి తెలిసింది. పదకొండో తారీఖు పొద్దున్నే మిషనావిడ వచ్చి, “ఏమండీ, నిన్నటితో నిషేధం అన్నారుగా, అయిపోయిందా? మానెయ్యాలా?” అని అడిగింది. నేను పేపరు చూసి, వాయిదా పడిందమ్మా, మే 30 అన్నాను. అబద్ధం చెప్పి ఉంటే సరిపోయేది. అయిపోయింది, మానెయ్యమని ఒక్క మాట. నా నోటికి ఆ మాట తట్టలేదు. ఆవిడ వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టుకుని, “అయితే బడులు తెరిచే యూనిఫారాలు అయిపోతాయి” అని సంతోషంగా వెళ్ళింది. ఫ్యాన్సీ షాపులో సరుకు మారకముందే డజను ప్యాకెట్లు కొనిపెట్టుకుందట.

పదిహేడున మిషను మీదకే ఒరిగిపోయింది. పక్కింటివాళ్ళు పరిగెత్తుకుంటూ నా దగ్గరకి వచ్చారు. నేను వెళ్ళేసరికి కాలు ఇంకా పెడల్ మీదే ఉంది. గుండె గుర్రంలా కొట్టుకుంటోంది. ఆసుపత్రిలో చేర్చాం. బతికింది. కానీ రెండు చేతులూ వణుకుతున్నాయి. డాక్టరు తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు అన్నాడు. నిషేధం పదో తారీఖున వచ్చి ఉంటే ఆవిడ పదకొండున మానేసేది. వారం రోజులు, చిట్టీ. నా పేరు కాగితంలో లేదని నేను ఆవిడకి ఆ వారం ఇచ్చాను.

గాజు తలుపు మీద నీ ఫోటో అలాగే ఉంది. అమ్మ తియ్యబోతే నేనే వద్దన్నాను. అది చూసినప్పుడల్లా నాకు ఇంకా మంటగానే ఉంది. ఇంత జరిగాక కూడా. ఇది ఏం జబ్బో, దీనికి ఏ జాబితాలో చోటుందో నువ్వే చెప్పాలి.

అక్క

మే 3

అక్కా,

కేసు గురించి ఒక్క మాట కూడా రాయను, రాయకూడదు. కాబట్టి ఇది మన ఇద్దరి సంగతి.

నిన్ను కాపాడడానికి పేరు దాచానని అన్నాను. అది సగం నిజం. సీసా అందిన రోజునే దాన్ని పక్క బల్లకి జరిపి, ‘ఇది మా అక్క పంపింది, మీరు చూడండి’ అని ఉంటే ఏ లాయరూ నోరెత్తేవాడు కాదు. నీ పేరూ ఉండేది, పరీక్షా నిలిచేది. రూలు నాకు తెలుసు. తెలిసే జరపలేదు. మూత తీసి మిషనులో పెట్టగానే తెర మీద ఎప్పుడూ చూడని గీత లేచింది. ఇది నాది, దీన్ని అక్కకి గానీ పక్క బల్లకి గానీ ఇవ్వను అనుకున్నాను. అందుకని ముందు నేను తప్పు చేశాను, నువ్వు తర్వాత చేశావు. ఇందులో కూడా నువ్వు మొదటిదానివి కావు, చూసుకో.

నాన్న తన త్రాసుని నన్ను ఎప్పుడూ ముట్టుకోనివ్వలేదు. నువ్వు తూస్తుంటే నేను మూడడుగుల దూరంలో నిలబడాలి. “చిట్టీ, నీ ఊపిరి తగిలినా ముల్లు కదులుతుంది” అనేవారు. చివరికి త్రాసు నీకే ఇచ్చారు. ఇక్కడ నాకు గాజు తలుపుల త్రాసు ఉంది, వెంట్రుకని కూడా తూస్తుంది. ఈ రోజుకీ దాని తలుపు తీసే ముందు ఊపిరి బిగపడతాను. నీకు పై చదువు మీద ఎంత మంటో, నాకు ఆ ఇత్తడి త్రాసు మీద అంత మంట. నువ్వు ఏనాడూ అడగలేదు, నేను చెప్పలేదు.

నీళ్ళ పరీక్ష బాగానే ఉంది. నీళ్ళ గురించి ఎవరూ పేపర్లో రాయరు.

మిషనావిడ ఎలా ఉంది?

చిట్టి

జూన్ 2

చిట్టీ,

నీకు ముందే రాద్దామనుకున్నాను. కానీ తేలేదాకా నీతో మాట్లాడొద్దని కమిటీవాళ్ళే కాగితం పంపారు. ఇప్పుడు తేలింది కాబట్టి పూర్తిగా రాస్తాను.

మే మొదటి వారంలో కమిటీ మనిషి షాపుకి వచ్చి, ఆ పొడి ఇంకా ఏమైనా ఉందా అని అడిగాడు. నాన్న పెట్టె తీసి సీసా ఇచ్చాను. లక్క చెక్కుచెదరలేదు. నీ కంటికి కనిపించకుండా, నీ చెయ్యి తగలకుండా ఉన్న సగం అదొక్కటే. నువ్వు అప్పగించమంటే పంతానికి దాచాను. ముందుచూపు అని నలుగురూ మెచ్చుకుంటున్నారు, నేను కాదనడం లేదు. నీకు మాత్రం నిజం చెబుతున్నాను. అది కుళ్ళు.

వేరే ఊరి లాబొరేటరీలో విప్పి చూస్తే అదే మందని తేలిందట. మే 30న నన్ను, తాతగారిని పిలిచారు. లాయరు నన్ను ప్రశ్నలతో గంటసేపు తిప్పాడు. మీ చెల్లెలి మీద మీకు ఈర్ష్య కదా అన్నాడు. అవునండీ, చిన్నప్పటి నుంచీ అన్నాను. ఆ మాటతో ఆయన చేతిలో కాగితాలు సగం పనికిరాకుండా పోయాయి. ఇంత ఈర్ష్య ఉన్నవాళ్ళు కలిసి కుట్ర ఎలా చేస్తారని కమిటీ పెద్దావిడ అడిగింది. తర్వాత తాతగారిని, ఈ సంతకం మీదేనా, ప్యాకెట్టు మీ ఎదుటే విప్పారా, తారీఖు ఎలా గుర్తు అన్నారు. ఆయన లేచి, “నా పనే తారీఖులూ టైమూ బాబూ. మీ గోడ గడియారం నాలుగు నిమిషాలు వెనక ఉంది, ముందు అది చూసుకోండి” అన్నారు. చూసుకున్నారు. నాలుగు నిమిషాలే.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది, మొదటి జాబితాలోకి ఎక్కింది. నకలు తీసుకుని ఆ మెట్ల మీదే కూర్చుని చదివాను. నా పేరు వెతికాను. లేదు. నీ పేరు వెతికాను, లేకపోతే బాగుండునని వెతికాను, అదీ లేదు. ఒకటిన్నర లైను పొడుగున్న మందు పేరు ఉంది. దాని కింద, ‘తల, నడుం ఇవే అయినప్పుడు తోక ఏదైనా సరే’ అన్నదే వాళ్ళ భాషలో ఉంది. కళ్ళు మూసుకున్నా గుర్తుపడతాను, ఆ వాక్యం నీది. నీ పరీక్ష కొట్టేశారు గానీ నీ వాక్యం కొట్టెయ్యలేకపోయారు. ఇక ఎన్ని తోకలు మార్చుకున్నా కుదరదు. ఇంత మంచి వాక్యం నాకెందుకు తట్టలేదా అని బస్సు ఎక్కేదాకా ఏడిచాను. ఆ ఏడుపులో ఎంత మంటో, ఎంత సంతోషమో విడదీయలేకపోయాను.

మిషనావిడ పదిహేను రోజుల కిందటే ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చింది. మొన్న ఉత్తర్వు తీసుకెళ్ళి చూపించాను. ఆవిడ రెండు చేతులతో పట్టుకుని, కాగితం గడగడా ఊగుతుంటే మొత్తం చదివి, మిగిలిన మూడు ప్యాకెట్లూ నా చేతిలో పెట్టింది. “అన్న మాట ప్రకారం మానేశానండీ” అంది. అవి ఇన్‌స్పెక్టరుకి అప్పగించాను. ఇప్పుడు నిద్రపోతోంది, తింటోంది. పొద్దున పది నుంచి మధ్యాహ్నం దాకా నెమ్మదిగా కుడుతుంది. కుట్టు తిన్నగానే వస్తోంది, కానీ సూదిలో దారం ఎక్కించలేకపోతోంది. వేళ్ళు నిలవడం లేదు.

అందుకని రోజూ షాపు తెరిచే ముందు నేను వెళ్ళి ఆ రోజుకి సరిపడా పన్నెండు సూదుల్లో దారాలు ఎక్కించి, దిండుకి గుచ్చి వస్తున్నాను. నాన్న త్రాసులో గింజెత్తు మందు తూచిన చేతులు నావి, వణకవు. కానీ కళ్ళు ముసలివయ్యాయి. నాలుగో సూదికే మసకలు కమ్ముతున్నాయి. పన్నెండూ అయ్యేసరికి షాపు ముందు జనం నిలబడి ఉంటున్నారు.

నీకు సెలవు ఉందిగా, వచ్చెయ్యి. త్రాసు ఇవ్వను. వచ్చి తూచుకో, ఊపిరి తగిలినా ఏమీ అనను. పొద్దున్నే మాత్రం నాతో రావాలి. చెరి ఆరు సూదులు చేద్దాం. నీ చూపు నాకంటే మంచిది, ముందే అయిపోగొడతావు. అయిపోగొట్టి నా వైపు చూస్తావు. ఇప్పటి నుంచే నాకు ఒళ్ళు మండుతోంది, అయినా రా.

అక్క